బీడీ పుస్తకం ఎవరి పేరు మీద?

మొన్న మా వాడకట్టు అక్క ఒకామె పొద్దున్నే వచ్చి గడపలో కూర్చుంది. చాయ్ ఇస్తే తాగలేదు. ఏమైందక్కా అంటే అప్పుడు చెప్పింది. వాళ్ల కోడలికి ఒక ప్రైవేటు బడిలో పూట పని దొరికిందట. పొద్దున నాలుగు గంటలు చిన్నపిల్లలను చూసుకోవాలి, నెలకు 5,000 ఇస్తారు.

"మంచిదే కదక్కా" అన్నాను.

"మంచిదే గని, కోడలు నౌకరికి పోతే నా పింఛన్ బంద్ అయితదంటున్నరు. నువ్వు సదువుకున్నదానివి, నిజమో కాదో జర చెప్పు" అంది.

నేను చదివింది తెలుగు బి.ఎ. దానికీ పింఛను రూల్సుకూ సంబంధం లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే మా ఏర్గట్ల దిక్కు ఆడవాళ్లు తరతరాలుగా పూట పనే చేస్తున్నారు. అదే బీడీల పని. ఆ పనికీ సర్కారు సాయానికీ మధ్య నడిచిన కథ మన ఇళ్లల్లోదే అయినా, ఎవరూ రాసిపెట్టుకోరు. అక్కకు జవాబు చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బీడీల పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. రాత్రి తునికాకు తడిపి పెట్టాలి. పొద్దున వంటా వార్పూ అయ్యాక రేకు అచ్చు పెట్టి ఆకు కత్తిరించాలి. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. కూలి లెక్క అంతా వెయ్యికే. మధ్యలో పొయ్యి మీద పప్పు దింపాలి, పిల్లకు జడ వేయాలి, బర్రెకు నీళ్లు పెట్టాలి. పార్ట్ టైం అనే మాట రాకముందే మేం చేసింది అదే. అయినా ఎవరైనా "ఏం పని చేస్తవమ్మా" అని అడిగితే మా నోటి నుంచి వచ్చే జవాబు, "ఏం లేదు, ఇంట్లనే ఉంట, బీడీలు చేస్త" అనే.

చట్టం మాత్రం దీన్ని పనిగానే ఎప్పుడో ఒప్పుకుంది. 1948 కనీస వేతనాల చట్టం జాబితాలోనే బీడీల తయారీ ఉంది. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా కార్మికురాలే అని అందులో రాశారు. చట్టం వస్తే ఖర్చు పెరుగుతుందని చాలా కంపెనీలు కార్ఖానాలు మూసి, పనిని ఇళ్లకు మళ్లించాయి. కేరళలో అట్లా పని పోయినవాళ్లు 1969లో దినేశ్ బీడీ పేరుతో సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. మన దిక్కు పని టేకేదార్ల చేతుల మీదుగా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇళ్లకు సాయం ఇచ్చేవారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును ఎత్తేశారు. 1977లో బీడీ పనికి ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేశారు. ఇంట్లో చుట్టేవాళ్లకు పీఎఫ్ ఏమిటని యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్తే, వాళ్లకూ ఇవ్వాల్సిందే అని 1985లో కోర్టు తీర్పు చెప్పింది. చాలా పరిశ్రమల్లో జీతం నుంచి 12 శాతం పోతే, బీడీలకు 10 శాతం పోతుంది. అంతే మొత్తం యజమాని కలపాలి.

చూశారా, ఇక్కడ పని చేయడం వల్ల సాయం పోలేదు. పని చేసినందుకే వచ్చింది. కాకపోతే ఒక చిన్న షరతు ఉంది. అది చట్టంలో లేదు, మన ఇళ్లల్లో ఉంది. పుస్తకం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కార్మికురాలు.

నేను పుట్టింట్లో, ఇంటర్ నుంచి డిగ్రీ దాకా, మా అమ్మ పుస్తకం మీద బీడీలు చేశాను. ఇటు పెళ్లయి వచ్చాక మా అత్తమ్మ పుస్తకం మీద చేశాను. మా దిక్కు పెళ్లిచూపుల్లో "పిల్లకు బీడీలు అచ్చునా" అని అడగడం మామూలు. వచ్చు అన్నారు కాబట్టి వచ్చిన మూడో నెలకే చాట నా ఒళ్లోకి వచ్చింది. అత్తమ్మకు కళ్లు ఆనడం లేదు, కాబట్టి రోజూ చేసే దాంట్లో ఎక్కువ భాగం నాదే. నాకొక పుస్తకం ఇప్పించమని ఒకసారి అడిగితే, "ఒక్క ఇంట్ల రెండు పుస్తకాలెందుకమ్మా, ఆకు ఎక్కడికెళ్లి తెచ్చియ్యాలె" అన్నాడు పని ఇచ్చే ఆయన. ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టుబట్టలేదు. డబ్బు ఎట్లాగూ ఇంట్లోకే కదా అనుకున్నాను. అట్లా పన్నెండేళ్లు గడిచాయి.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఊరు ఊరంతా ఇంటి పట్టునే ఉంది. బొంబాయి నుంచి కొందరు, గల్ఫ్ నుంచి కూడా కొందరు అందుకోసమే వచ్చారు. ముందు రోజు రాత్రి ప్రతి ఇంట్లో ఒకటే గుసగుస. బీడీలు చేస్తామని చెప్పాలా, చెప్పొద్దా? చెప్తే సంపాదన ఉందని రేషన్ కార్డు తీసేస్తారని ఒకరు, చెప్పకపోతే రేపు ఏదన్నా ఇస్తే మనకు రాదని ఇంకొకరు. మా ఇంట్లో అత్తమ్మ చేస్తుందని రాయించారు. నా పేరు ఎదురుగా గృహిణి అని పడింది.

ఆ నవంబర్‌లో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. 2015 మార్చి నుంచి బీడీ కార్మికులకూ నెలకు 1,000 రూపాయల భృతి వచ్చింది. 2019 జూన్ నుంచి అది 2,016 అయింది. దేశంలో ఎక్కడా లేని సాయం, లక్షల మంది ఆడవాళ్ల చేతికి వచ్చింది. కానీ షరతు ఏమిటంటే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నంబరు ఉండాలి. చేతి వేళ్లకు కాసిన కాయలు చూసి ఎవరూ ఇవ్వరు. నంబరు చూసి ఇస్తారు.

మా ఇంట్లో ఆ నంబరు అత్తమ్మకు ఉంది. ఆమెకు మామయ్య పోయినప్పటి నుంచి వితంతు పింఛను వస్తోంది. ఒక మనిషికి ఒకటే పింఛను. కాబట్టి బీడీ పుస్తకం వల్ల ఆమెకు కొత్తగా వచ్చిందేమీ లేదు. నాకు నంబరు లేదు. కాబట్టి నాకు రాలేదు. పన్నెండేళ్ల పని, ఇద్దరి చేతులు, ఒక పుస్తకం, చివరికి ఆ పుస్తకం ఎవరికీ పనికిరాలేదు. మా తోడికోడలు 2009లో వేరుపడి, తన పేరు మీద పుస్తకం తీసుకుంది. ఆమెకు ఇప్పుడు నెలనెలా 2,016 వస్తోంది. ఆమె వేరుపడినప్పుడు ఊరంతా ఆమెనే తప్పుపట్టింది. ఆ మాటలన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇది మా ఒక్క ఇంటి తప్పు అనుకోకండి. పూట పనికీ సాయానికీ మధ్య లెక్క ఎట్లా కట్టాలన్నది చాలా దేశాలు చాలా ఏళ్లు తలలు పట్టుకున్న విషయం. ఇంగ్లండులో 1795లో స్పీనంలాండ్ అనే చోట, రొట్టె ధరను బట్టి, ఇంట్లో తినే నోళ్లను బట్టి, కూలికి ఎంత తక్కువైతే అంత ఊరి నిధి నుంచి కలిపి ఇవ్వాలని నిర్ణయించారు. మంచి మనసుతోనే చేశారు. కానీ కూలి ఎంత పెరిగితే సాయం అంత తగ్గేది. ఇటు యజమానులకు కూలి తగ్గించడానికి సాకు దొరికిందని విమర్శలొచ్చి, 1834లో ఆ పద్ధతిని మూలన పడేసి ఇంకా కఠినమైన చట్టం తెచ్చారు. అమెరికాలో ఒంటరి తల్లులకు ఇచ్చే సాయంలో, సంపాదించిన ప్రతి డాలరుకూ ఒక డాలరు కోసేవారు. 1967లో మార్చి, నెలకు మొదటి 30 డాలర్లనూ మిగిలిన దాంట్లో మూడో వంతునూ లెక్కలోకి తీసుకోకుండా వదిలేశారు. ఇప్పుడు బ్రిటన్‌లో, వదిలేయాల్సింది వదిలేశాక, సంపాదించే ప్రతి పౌనుకు 55 పెన్నీల చొప్పున సాయం తగ్గుతుంది.

అక్కడ సాయం మెట్లు మెట్లుగా దిగుతుంది. మన దగ్గర మెట్లు లేవు, గడపే. లోపల ఉంటే మొత్తం, బయట ఉంటే సున్నా. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చిన నాటి నుంచీ ఆదాయానికి ఒక గీత గీయడమే పద్ధతి. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు పల్లెల్లో ఏడాదికి లక్షా 50 వేలు ఆ గీత. ఆసరా నిబంధనల్లో అనర్హుల జాబితా ఉంది. అందులో భూమి లెక్కతో పాటు ప్రభుత్వ, ప్రైవేటు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగాలు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అక్క భయమంతా ఆ ఒక్క "ఉద్యోగం" అనే మాట దగ్గరే. రోజుకు నాలుగు గంటలు పసిపిల్లల ముక్కులు తుడిచే పని ఆ మాట కిందికి వస్తుందా? చూసే అధికారిని బట్టి ఉంటుంది. అందుకే ఊళ్లో పుకార్లు పుడతాయి.

సరే, అక్కతో కూర్చుని లెక్క వేశాను. నెలకు 26 రోజులు, రోజుకు నాలుగు గంటలు అంటే 104 గంటలు. 5,000కు గంటకు 48 రూపాయలు పడుతుంది. ఒకవేళ పింఛను 2,016 పోతే ఇంటికి మిగిలేది 2,984. అప్పుడు గంటకు 29 రూపాయలు కూడా పడదు.

"అయినా లాభమే కదక్కా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "ఇంటికి లాభమే. నాకు?" అంది.

అప్పటిదాకా నాకు తట్టలేదు. 5,000 కోడలి చేతికి వస్తాయి. పోయే 2,016 అత్త చేతివి. ఆమె మందుగోళీలు, మనవడికి కొనిచ్చే బిస్కెట్లు, బిడ్డ వస్తే చేతిలో పెట్టే నోటు, అన్నీ అందులోంచే. అది పోతే ప్రతి దానికీ కోడలి ముందు చేయి చాపాలి. సర్కారు ఇంటిని లెక్కపెడుతుంది. ఇంట్లో మనుషులు ఎవరికి వారే ఉంటారు. ఎవరి కొంగున ముడి ఉందో ఏ సర్వేలోనూ గడి ఉండదు.

ఈ విషయంలో నాకు ఉపాధి హామీ పద్ధతి నచ్చింది. 2006లో మొదటి విడతలోనే మన నిజామాబాద్ జిల్లాకు వచ్చింది. వంద రోజుల లెక్క ఇంటికే అయినా, జాబ్ కార్డులో పెద్దవాళ్లందరి పేర్లూ ఉండేవి. ఎవరు తట్ట మోస్తే కూలి వాళ్ల ఖాతాలోనే పడేది. కోడలు మట్టి పనికి పోయినందుకు అత్త పింఛను ఆగడం మా ఊళ్లో నేను చూడలేదు.

అక్కకు చివరికి మూడు మాటలు చెప్పాను. ఒకటి, పుకారు విని పని వదులుకోవద్దు, ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్లి అడుగుదాం, అవసరమైతే ఎంపీడీఓ ఆఫీసుకు పోదాం. ఏం చెప్పినా కాగితం మీద అడిగి తీసుకుందాం. రెండు, కోడలి జీతం కోడలి ఖాతాలోనే పడాలి. బడిలో చేరిన తేదీ రాసిన కాగితం ఒకటి తీసుకోవాలి, పీఎఫ్ కడతారేమో అడగాలి. రేపు ఏ పథకం ఏ తేదీ అడుగుతుందో మనకు తెలియదు. మూడోది చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాను. ఒకవేళ పింఛను పోతే, నెలనెలా 2,016 అత్త చేతిలో పెడతానని కోడలు ముందే ఒప్పుకోవాలి, అడిగించుకోకుండా.

"గది జెప్పు, దానికి నువ్వే జెప్పు" అని నవ్వి, చల్లారిన చాయ్ తాగి వెళ్లింది.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. చెప్పాను. ఒప్పుకుంది. వెళ్తూ వెళ్తూ, "పిన్నీ, మరి మీ పన్నెండేండ్ల బీడీలకు మీకు ఎవరన్న ఇచ్చిన్రా?" అని అడిగింది.

అత్తమ్మ లోపలి నుంచి వింటోంది. ఈ నెల పింఛను వచ్చిన రోజు రెండు వందల నోటు ఒకటి తెచ్చి నా పోపుల డబ్బా కింద పెట్టి పోయింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. తీసుకున్నాను.