తగరపు బిళ్ల

"టిప్పు సుల్తాన్ మీవాడే కదా!"

ఈ మాట మాకు రెండు రకాలుగా వినబడుతుంది. మెచ్చుకుంటూ అనేవాళ్లున్నారు, వేలెత్తి చూపుతూ అనేవాళ్లున్నారు. ఎవరన్నా జవాబు చెప్పుకోవలసింది మాత్రం మేమే. సికిందరాబాదు వాళ్లం గనక ఈసారి మా ఊరి చరిత్రలోంచే జవాబు చెబుతాను.

మా ఊరు పుట్టిందే ఒక ఒప్పందంలోంచి. 1798 సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. రేమండ్ తయారుచేసిన ఫ్రెంచి పటాలాలను రద్దు చెయ్యాలి. వాటి చోట కంపెనీ సిపాయిలు ఆరువేల మంది ఉంటారు. వాళ్ల జీతాల ఖర్చు నిజాం ఖజానాది, వాళ్లమీద హుకుం కంపెనీది. హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన ఆ ఫౌజు కోసం వెలసిన ఛావనీకే 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికిందరాబాదు.

సంధి జరిగి ఏడాది తిరక్కముందే ఆ ఫౌజు మైసూరు మీదికి నడిచింది. నిజాం తరఫున మీర్ ఆలం వెళ్లాడు. హైదరాబాదు సేన పెత్తనం మాత్రం తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయిన ఆర్థర్ వెల్లెస్లీ చేతిలో ఉంది. 1799 మే 4 మధ్యాహ్నం శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు కత్తి పట్టుకునే చనిపోయాడు.

ఆ గెలుపుకు కంపెనీ ఒక పతకం చేయించింది. ఇంగ్లండులోని సోహో టంకశాలలో అచ్చువేసి, దాదాపు పదేళ్లు గడిచాక పంచింది. పెద్ద దొరలకు బంగారం, ఆ కిందివాళ్లకు వెండి, ఇంకా కిందికి కంచు. సిపాయికి తగరం. ఏ బిళ్ల మీదా తీసుకున్నవాడి పేరు చెక్కలేదు.

ఆ బిళ్ల మీద ఏముందో చూడండి. ఒక సింహం పులిని కింద పడేసి తొక్కుతోంది. సింహం ఇంగ్లీషువాడు, పులి టిప్పు. పైన జెండా మీద అరబీ అక్షరాలు: అసదుల్లాహిల్ గాలిబ్. అల్లా సింహమే విజేత అని అర్థం. అది హజ్రత్ అలీ బిరుదు. అంతకన్నా ముఖ్యం, అది టిప్పు సొంత ముద్ర. తన ఆయుధాల మీద ఆ అక్షరాలనే పులిముఖం ఆకారంలో రాయించుకున్నాడు. చంపినవాళ్లు చచ్చినవాడి నోట్లోంచి మాట లాక్కుని తమ సింహం నెత్తిన పెట్టుకున్నారు. వెనకవైపు కోట ముట్టడి బొమ్మ, దాని కింద ఫార్సీలో తేదీ: 1213 హిజ్రీ, జిల్‌ఖాదా 28.

ఇప్పుడు ఆ తగరపు బిళ్ల అందుకున్న ఒక ముసల్మాన్ సిపాయిని తలచుకోండి. తాను రోజూ తలచుకునే అల్లా పేరు, అలీ బిరుదు ఆ బిళ్ల మీద ఉన్నాయి. అది తనకు దక్కింది మాత్రం ఒక ముసల్మాన్ సుల్తాను రాజ్యాన్ని కూల్చినందుకు. అతను గర్వపడ్డాడా, సిగ్గుపడ్డాడా? చరిత్ర అతన్ని అడగలేదు. పేరే అడగనివాళ్లు మనసులో మాట అడుగుతారా!

అతని పక్కన నడిచినవాళ్లందరూ ముసల్మాన్లు కారు. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లు, తమిళులు, ముసల్మాన్లు కలిసే ఉన్నారు. తెలుగు సిపాయిలు ఎంతమంది కంపెనీలో చేరారంటే ఉత్తరాదిలో సిపాయికే 'తిలంగా' అన్న పేరు పడిపోయింది. అవతలివైపు టిప్పు కొలువులో పూర్ణయ్య ఉన్నాడు. సుల్తాను పోయాక మైసూరుకు దివాను అయిందీ ఆయనే. 1792లో టిప్పు మీద నిజామూ మరాఠాలూ కలిసే కంపెనీ పక్కన నిలబడ్డారు. ఇందులో మతయుద్ధం ఎక్కడుంది? పొట్టకూటి నౌకరీ ఉంది, తఖ్తు కాపాడుకునే భయం ఉంది.

ఆ తఖ్తుకైనా ఏం మిగిలింది? మైసూరు మీద రెండు యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన నేలంతా 1800 అక్టోబరులో కంపెనీకే రాసిచ్చాడు, సిపాయిల ఖర్చు కింద! కడప, అనంతపురం, బళ్లారి అలా దత్తమండలాలయ్యాయి. ఇవాళ రాయలసీమ అంటున్నది చాలావరకు ఆ బాకీ కింద పోయిన నేలే. సిపాయి నెత్తురు ధారపోసి గెలిచిన నేల సిపాయి జీతానికే చెల్లిపోయింది. అతని చేతిలో తగరం మిగిలింది.

ఆ సిపాయిని నేను వెనకేసుకు రావటం లేదు, తప్పుపట్టడమూ లేదు. టిప్పుని మావాడంటే, టిప్పు మీదికి నడిచినవాళ్లలోనూ మావాళ్లున్నారని ఒప్పుకోవాలి. అదే పటాలంలో మీవాళ్లూ ఉన్నారని మీరూ ఒప్పుకోవాలి. దేశభక్తినీ ద్రోహాన్నీ కులమతాల లెక్కన పంచి బిళ్లలు తగిలించే పని కంపెనీ దొరలు కూడా చెయ్యలేదు. వాళ్లు హోదాను బట్టి లోహం మార్చారు, అంతే. మతాన్ని బట్టి బిళ్ల తగిలించే పని మనం చేస్తున్నాం.

ఇకముందు "టిప్పు మీవాడేనా?" అని ఎవరైనా అడిగితే, మేమూ ఒక ప్రశ్న అడుగుతాం. పేరులేని ఆ తిలంగా సిపాయి ఎవరివాడు?