ఎన్నుకున్న, నియమించిన

జర దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఎండు పుల్ల కూడ నెగట్ల వెయ్యి. నాంపల్లికి చలి నుమాయిష్‌తోనే వస్తది, నుమాయిష్‌తోనే పోతది. ఆ ఎగ్జిబిషన్ మైకుల ఎవలో తప్పిపోయిన పిలగాని పేరు పిలుస్తున్నరు, ఇంటున్నవా? నా చిన్నప్పటి సంది జనవరి రాత్రంటే నాకు ఇదే చప్పుడు.

నీ చేతుల ఉన్న కాగితం మీ పార్టీ సర్వసభ్య సమావేశంల పెట్టే సవరణనా? ఏమన్న తప్పులుంటే చెప్పు తాతా అంటున్నవు. చెప్త. కని ముందుగాల నా ముచ్చట విను. నేను ఏనాడు ఏ పార్టీల సభ్యుణ్ణి కాలే. కని పార్టీల నియమావళులతోని నాకు నలభై ఏండ్ల సావాసం. 1961ల, పద్దెనిమిదేండ్ల వయసుల, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎనుక గల్లీల ఒక ప్రెస్సుల కంపోజిటర్‌గ చేరిన. నాంపల్లి స్టేషన్ల దిగిన ప్రతినిధులు నడుచుకుంట మా ప్రెస్సు ముంగట నుంచే పోయేటోళ్ళు. ఏ పార్టీ సభ అయినా కరపత్రం, ప్రతినిధి కార్డు, నియమావళి పుస్తకం మా దగ్గరనే అచ్చయ్యేది. సీసం అక్షరం అద్దంల బొమ్మ లెక్క తిరగేసి ఉంటది. దాన్ని ఒక్కొక్కటి గడిల నుంచి ఏరి, స్టిక్కుల పేర్చి, తలకిందులుగ ఎడమ నుంచి కుడికి చదువుకుంట పోవాలె. అట్ల చదివినోడికి ఒక్క మాట కూడ తప్పించుకపోదు. గబగబ చదివేటోళ్ళకు కనవడనియి మాకు కనవడేటియి.

మా బాపు భువనగిరి దిక్కుటోడు. నియమావళి అన్న మాట నేను ముందుగాల ఆయన నోట్లనే విన్న. రాత్రి తిన్నంక అరుగు మీద కూసుండి చెప్పేటోడు. 1921ల కోఠి దగ్గర వివేకవర్ధిని బడిల సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. తక్కిన భాషలల్ల మాట్లాడితే విన్నరు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మొదలువెట్టిండో లేదో, అల్లరి చేసి కూసుండబెట్టిన్రు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్ల కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నరు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు, వీళ్ళంత ఆ సంఘాన్ని నిలబెట్టినోళ్ళు. అదే పెరిగి పెద్దగై 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయింది.

సంఘం పెట్టుడు ఒక్క రాత్రి పని బిడ్డా. దాని నియమాలు తెగుడు ఏండ్ల పని. సభ జరుపుకోవాలంటేనే నిజాం సర్కారు అనుమతి కావాలె, గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. ఆ హుకుం లోపల్నే మెసులుకుంట మనోళ్ళు వాళ్ళల్ల వాళ్ళు కొట్లాడుకున్నరు. దేని మీద? సభల ఏ భాష ఉండాలె అని. తెలుగు మాట్లాడితే ఎక్కిరించిన్రు గాబట్టే ఈ సంఘం పుట్టింది, ఇండ్ల తెలుగే ఉండాలె అన్నరు పెద్దలు. మరి ఇదే మట్టిల పుట్టి ఇంట్ల ఉర్దూనో మరాఠీనో మాట్లాడేటోడు ఎటు పోవాలె అన్నరు పడుచోళ్ళు. బాపు పెద్దల దిక్కు మాట్లాడేటోడు. నేను పడుచోళ్ళ దిక్కు. నోరు మూయించిన బాధ తెలిసినోడు ఇంకొకని నోరు మూయించే నియమం రాసుకోవద్దు. ఈ మాట మీద నాకు బాపుకు ఎన్నిసార్లు పంచాయితి అయిందో, మీ ముత్తవ్వ వచ్చి లాంతరు తీస్కపోతే గని మేము లేచేటోళ్ళం కాదు.

ఇగ 1944ల భువనగిరిల పదకొండో మహాసభ. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆయన ఇక్కడ్నే, మన ఆబిడ్స్ రెడ్డి హాస్టల్ల ఉండి చదువుకున్నడు. ఆ సభల సభ్యత్వ రుసుము తగ్గించిన్రు. చరిత్ర పుస్తకాలల్ల దీనికి ఒక్క వరుస దొరుకుతది, అంతే. కని ఆ ఒక్క వరుసతోనే మా బాపు సభ్యుడైండు. అంతకుముందు వకీళ్ళు, దేశ్‌ముఖులు, చదువుకున్నోళ్ళు కూసుండే సభల కూలోడు, పాలేరు వచ్చి కూసున్నడు. బాపు ఆ సభ్యత్వ చీటీని తలరుమాలు మడతల పెట్టుకొని తిరిగేటోడు. వాన పడితే ముందుగాల రుమాలు తీసి చంకల దాచేటోడట. రుసుము తగ్గించుడు నచ్చనోళ్ళు, ఆ కొత్త గుంపుతోని పొసగనోళ్ళు ఏడాది తిరగకముందే ఏరువడి వేరే సభ పెట్టుకున్నరు. ఒక నిబంధన మారితే ఊరి వాకిలి తెరుచుకుంటది, ఇంకో దిక్కు ఇల్లు రెండైతది. రెండూ బాపు కండ్ల ముంగటనే అయినయి.

హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సంగతి ఇంకో తీరు. 1938ల సభ్యుల్ని చేర్చుకొని, సర్వసభ్య సమావేశం పెట్టుకొని, కార్యవర్గాన్ని ఎన్నుకుందామని తేదీ ఖరారు చేసుకున్నరు. ఆ తేదీ రాకముందే సెప్టెంబర్ల సర్కారు నిషేధం పెట్టింది. పుట్టకముందే మట్టి వెయ్యబోయిన్రు. పేరుల కాంగ్రెస్ అన్న మాటనే సర్కారుకు గుచ్చుకున్నది. అక్టోబర్ల సుల్తాన్‌బజార్ల సత్యాగ్రహం మొదలైంది. 1946 దాక ఆ నిషేధం పోలే.

ఇదిగో, గాంధీభవన్ మీదికెళ్ళి మెట్రో పోతున్న చప్పుడు. ఆ భవనానికి ఎవరి పేరు పెట్టిన్రో ఆ గాంధీ కూడ నియమావళి రాసినోడే, తెలుసా? 1920ల నాగపూర్ల కాంగ్రెసుకు కొత్త నియమావళి ఆయన చేతి రాతనే. నాలుగణాల సభ్యత్వం, యాభైవేల జనాభాకు ఒక ప్రతినిధి, భాషల లెక్కన రాష్ట్ర శాఖలు, అన్నీ అండ్ల వచ్చినయి. అంతకుముందు సభకు ఎంతమంది వస్తే అంతమంది ప్రతినిధులే. ఆయన దానికి ఒక లెక్క పెట్టిండు.

మల్ల 1948 జనవరి 29 నాడు, చనిపోయే ముందటి రోజు, ఇంకో ముసాయిదా రాసిండు. స్వరాజ్యం వచ్చింది, కాంగ్రెసు పని అయిపోయింది, దాన్ని రద్దు చేసి లోక్ సేవక్ సంఘంగ మార్చుకోండ్రి అని. మా ప్రెస్సుల ఒక గాంధీ జయంతి సంచికకు దాని తెలుగు నేనే పేర్చిన. ఊర్ల అయిదుగురు, ఆడోళ్ళైనా మగోళ్ళైనా, ఒక పంచాయతి. పక్కపక్క పంచాయతులు రెండు కలిసి, వాళ్ళల్ల నుంచే ఒక నాయకుణ్ణి ఎన్నుకోవాలె. ఎన్నుకోవాలె అని రాసిండు బిడ్డా. దేశం నెత్తురుల మునిగున్న ఆ దినాలల్ల, ఉపాసం చేసి లేచిన పది పన్నెండు రోజులకు, ఆయన కూసుండి రాసింది ఒక పార్టీ నియమావళి సవరణ. దాన్ని ఎవలూ అమలు చెయ్యలే. ఆ పేజీ పేర్చేటప్పుడు నా కండ్లు మసకలైనయి, మేస్త్రి చూసి దీపం తక్కువున్నదా అని అడిగిండు.

ఇగ నేను ఎన్నడూ మీకు చెప్పనిది చెప్త.

డెబ్బైలల్ల ఒక రాత్రి పది గంటలకు ఇద్దరు ప్రెస్సుకు వచ్చిన్రు. తెల్లారితే నాంపల్లిల ఒక హాలుల వాళ్ళ పార్టీ సభ. పార్టీ పేరు నాతోనే పోనీ. నియమావళికి పేర్చిన అక్షరాల ఫారం మా దగ్గర దారంతోని కట్టి పెట్టే ఉన్నది, దాంట్ల ఒక్క నిబంధన మార్చాలె. పాతది, తాలూకా కార్యవర్గము సభ్యులచే ఎన్నుకొనబడును. కొత్తది, తాలూకా కార్యవర్గము అధ్యక్షునిచే నియమింపబడును. దారం విప్పి, చిమ్టాతోని ఆ మాట తీసిన. ఎ గడిల ఎ, న గడిల న, వత్తు గడిల వత్తు ఏసిన. సీసం చల్లగ ఉండె. నియమింపబడును పేర్చి, సందు సరిచేసి, మల్ల కట్టి, ప్రూఫు తీసిన. పావుగంట పని. ఆ రాత్రికి నాకు మూడు రూపాయలు ఎక్కువిచ్చిన్రు. అప్పుడు మనసుల ఏమీ అనిపించలే, అదే నా బాధ.

పొద్దుగాల రిక్షాల కట్టలు వేసుకొని నేనే హాలుకు పోయిన. సంచి చంకల పెట్టుకొని ఒక ముసలాయన, రాత్రి రైలుకు వచ్చినోడు, పుస్తకం తిరగేసి లేచి నిలబడ్డడు. ఈ సవరణ నోటీసు నాకెప్పుడు పంపిన్రు, పదిహేను రోజుల ముందు పంపాలని మన పుస్తకంలనే ఉన్నది గద అన్నడు. వేదిక మీది నుంచి, టైం లేదు పెద్దాయనా, అందరికీ సమ్మతమే గద అన్నరు. హాలంత అవునవును అన్నది. మూజువాణి ఓటు. అయిపోయింది. మూలకు చాయ గిన్నె పొంగెటంత సేపు కూడ పట్టలే.

ఆయన నడుచుకుంట పుస్తకాల బల్ల కాడికి వచ్చిండు. ఈ మాట తీసింది నువ్వేనా అని అడిగిండు. నేనే అయ్యా అన్న. కోపం చెయ్యలే. మల్ల పెట్టొస్తదా అన్నడు. పెట్టొస్తది, అక్షరాలన్ని గడిలల్లనే ఉన్నయి అన్న. ఆయన తన పాత పుస్తకం తీసి నా చేతుల పెట్టిండు. అండ్ల ఎన్నుకొనబడును కింద పెన్సిల్ గీత, ఏండ్ల కింద గీసింది. పెట్టినప్పుడు ఇది చూసి పెట్టు అని స్టేషన్ దిక్కు పోయిండు. పేరు కూడ అడగలే నేను.

అప్పటి సంది పేపర్ల పార్టీ నియమావళి అని కనవడితే వదలకుంట చదువుత. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలల్ల ఏ పార్టీ నియమావళి దొరికినా తెచ్చి సందూకల దాస్త. మీ నానమ్మ బతికున్నప్పుడు ఆ సందూక జూసి రద్ది కాగితాలు అనేది.

1992 ఏప్రిల్ల తిరుపతిల కాంగ్రెసు ప్లీనరీ. మన పీవీ నరసింహారావే అధ్యక్షుడు, ప్రధాని. ఇరవై ఏండ్ల తర్వాత వర్కింగ్ కమిటీకి ఎన్నికలు పెట్టిండు. రేడియో ముంగట కూసున్న నాకు పాణం లేచొచ్చింది. గెలిచినోళ్ళ పేర్లు చదివిన్రు. ఒక్క దళితుడు లేడు, గిరిజనుడు లేడు, ఒక్క ఆడమనిషి లేదు. పీవీ ఆ మాట ఎత్తిండు, గెలిచినోళ్ళు రాజీనామా ఇచ్చిన్రు, మల్ల అండ్ల కొందర్ని ఆయనే నియమించిండు. బాధ న్యాయమైనదే. పార్టీల తనకు పోటీ అయిన అర్జున్ సింగ్, శరద్ పవార్ గెలుపు ఆయనకు మింగుడు పడలేదని కూడ అన్నరు. ఏదైనా గాని, అప్పుడు మార్చాల్సింది నిబంధన. సీట్లు ఇంతమందికి ఇన్ని అని రాసి, మల్ల ఓటు పెట్టాలె. అట్ల రాసుడు నేను 2023 ఫిబ్రవరిల, ఇంకో కాంగ్రెసు ప్లీనరీల చూసిన. రాయపూర్ల దళితులకు, గిరిజనులకు, వెనకబడినోళ్ళకు, మైనారిటీలకు, ఆడోళ్ళకు, యువతకు కలిపి వర్కింగ్ కమిటీల సగం సీట్లని సవరణ పెట్టిన్రు. సంతోషమే. కని అదే ప్లీనరీల కమిటీకి ఎన్నిక వద్దు, అధ్యక్షుడే నియమిస్తడన్నరు. సగం సీట్లు చేతికొచ్చినయి, ఓటు చీటీ పోయింది. రెండూ ఒక్కసారి ఎందుకు రావో నాకు సమజ్ కాదు.

ఒక్క పార్టీనే అంటలేను. 2022 జులైల వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీల జగన్‌ను జీవితకాల అధ్యక్షునిగ చేస్తూ సవరణ పెట్టిన్రు. శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని సెప్టెంబర్ల ఎన్నికల సంఘం తప్పుపట్టింది. అదే ఏడు అక్టోబర్ 5, దసరా నాడు, తెలంగాణ భవన్ల టీఆర్ఎస్ పేరు బీఆర్ఎస్ అయింది. ఇరవై ఏండ్లు ఊరూరా గోడల మీద రాసుకున్న పేరు ఒక్క పూటల మారింది. 1989 సంది రిజిస్టరయ్యే పార్టీ ఏదైనా సరే, రాజ్యాంగానికి, సామ్యవాదానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటమని తన నియమావళిల రాసుకోవాల్సిందే. ఆ వరుస నేను ఎన్నో పుస్తకాలల్ల పేర్చిన. ప్రజాస్వామ్యం అన్న మాటకు వత్తులు ఎక్కువ, చిన్న టైపుల అవి విరిగిపోయేటియి.

ఇగ నీ కాగితం తే. కండ్లద్దాలు ఇయ్యి. నోటీసు ఎన్ని రోజుల ముందు పంపినవు? ఇరవై. మంచిది. బలపరిచేటోళ్ళ సంతకాలు? ఉన్నయి. చదువు, గట్టిగ చదువు.

బూత్ కమిటీ అధ్యక్షుడు సభ్యులచే ఎన్నుకోబడవచ్చును.

ఆగు. ఆ వచ్చును ఎందుకు పెట్టినవు? పెద్దలు ఒప్పుకోరేమోనని భయమా? వచ్చును అని ఉంటే ఎన్నుకోకపోవచ్చు కూడ. నీ చేతుల్నే వాళ్ళకు సందు ఇస్తున్నవు. కొట్టెయ్యి. ఎన్నుకోబడవలెను అని రాయి. నేను పేర్చేటప్పుడు ఆ లె ఎప్పుడూ నిండు అచ్చు పడేది. జర వెలుగుకు తిప్పి రాయి, వరుస వంకర పోతున్నది.

లోపల సందూకల ఆ పెన్సిల్ గీత పుస్తకం ఉంటది, పైననే ఉంటది. పోయి తెచ్చుకో. రేపు సంచిల పెట్టుకొని పో.