క్లారినెట్ కొనేముందు శ్రుతి చూడండి

మా మనుమడు అమెరికాలో బడి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మొన్న ఫోనులో, "తాతయ్యా, క్లాసికల్ వాయించడానికి పాత చెక్క క్లారినెట్ చవకగా దొరికింది, కొననా?" అన్నాడు. "దాని మీద హెచ్.పి. అని ముద్ర ఉందేమో చూడరా" అన్నాను. ఉందట. వద్దన్నాను. ఆ రెండక్షరాలకు రుసుము చెల్లించినవాణ్ణి గనుక పెన్షనరు మిత్రులకు ఆ కథ మనవి చేసుకుంటాను.

హెచ్.పి. అంటే హై పిచ్. పంతొమ్మిదో శతాబ్దిలో ఇంగ్లండు బ్యాండ్లు శ్రుతి పెంచుకుంటూ పోయి, 'ఎ' స్వరాన్ని సెకనుకు సుమారు 452 కంపనాల దగ్గర నిలిపాయి. ఈనాటి ప్రమాణం 440. బ్రిటిష్ సైన్యం 1920ల చివరి దాకా ఆ పాత శ్రుతిని వదలలేదు. తేడా ఒక స్వరస్థానంలో దాదాపు సగం. బజారులో ఆ కాలపు వాద్యాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

1974లో, గుమాస్తాగా చేరిన రెండో ఏడు, సికింద్రాబాదులో ఒక పాత సామాన్ల దుకాణంలో నూట ఎనభై రూపాయలకు ఒకటి కొన్నాను. మిత్రుడి హార్మోనియంతో ఎంత ప్రయత్నించినా కలిసేది కాదు. వయొలినైతే తీగ సవరించుకోవచ్చు, హార్మోనియం ఏం చేస్తుంది? బ్యారెల్ అనే పై ముక్కను కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది గాని, పై రంధ్రాల స్వరాలు ఎక్కువగా, కింది రంధ్రాలవి తక్కువగా దిగి, మొత్తం చెడుతుంది. నాకు స్వరజ్ఞానం లేదని నిశ్చయించుకుని సగం ధరకు అమ్మేశాను. పదేళ్ళ తరువాత ఒక బ్యాండు మాస్టారు చెప్పేదాకా తప్పు నా చెవిది కాదని తెలియలేదు. అప్పటికి సంసారం, బదిలీలు.

ఇంతకీ క్లాసికల్ అంటే మనదా, వాళ్ళదా అని మనుమణ్ణి అడిగాను. రెండూనట! పాశ్చాత్యానికి పెద్ద చిక్కు లేదు. 1839లో పారిస్‌లో క్లోజే, బ్యుఫే ప్రదర్శించిన పదిహేడు మీటల, ఆరు రింగుల పద్ధతే నేడు ఎక్కువ దేశాల్లో ఉంది. జర్మనీ, ఆస్ట్రియా వారిది వేరు. మోజార్ట్ 1791 నాటి కాన్చెర్టో 'ఎ' క్లారినెట్‌ది గనుక ఆర్కెస్ట్రా వారు 'బి ఫ్లాట్'తో పాటు అదీ ఉంచుకుంటారు. కుర్రవాడికి ఇప్పుడే అక్కరలేదు.

మనకు గమకం ప్రాణం. వేలిని రంధ్రం మీద నుంచి మెల్లగా జార్చాలి. చుట్టూ రింగు ఉంటే వేలితో పాటు అదీ లేచి, ఇంకొక మూతను కదిపి, స్వరాన్ని గెంతిస్తుంది. అందుకే రింగులు తక్కువున్న పాత రకం మనకు అనువు. తంజావూరులో మహాదేవ నట్టువనార్ పంతొమ్మిదో శతాబ్దిలో దీన్ని నాట్యమేళంలోకి తెచ్చారంటారు. నాగస్వరం నేర్చిన ఎ.కె.సి. నటరాజన్ గారు దీన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టి, 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

ఏ రకమైనా నాదంలో పెద్ద వంతు మౌత్‌పీసుది, దానికి కట్టే రెల్లు రేకుది. రెండింటి కొనల మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. సందు పెద్దదైతే మెత్తని రేకు, చిన్నదైతే గట్టి రేకు నప్పుతాయి. ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టమన్నాను.

వాడు తన ప్లాస్టిక్ క్లారినెట్‌కే కొత్త మౌత్‌పీసు కొన్నాడు. పోయిన ఆదివారం మోహనం వినిపించాడు. గాంధారం కొంచెం తగ్గింది. వెంటనే చెప్పాను.