ఊతకర్ర పరిణామం: చంక నుండి ముంజేతికి

ఊతకర్ర చరిత్రలో మీరు ముఖ్యంగా గమనించవలసినది శరీరభారం ఎక్కడ పడుతుందన్నది. కొలత కుదరని చంకకర్రపై ఎక్కువకాలం వాలితే చంకలోని నరం నలిగి మణికట్టు వాలిపోతుంది. వైద్యులు దీనిని ఊతకర్ర పక్షవాతం అన్నారు. 1917లో ఎమిల్ ష్లిక్ పేటెంటు పొందిన నమూనాలో చేతికర్రకు పైచేతి ఆధారం చేరింది. లాఫ్‌స్ట్రాండ్ పేరుతో ప్రసిద్ధమైన కర్ర భారాన్ని అరచేతికి, ముంజేతికి మార్చింది.

ఒక గొట్టంలో మరొకటి జారి, స్ప్రింగు గుండీ రంధ్రంలో బిగుసుకొనే అమరిక వల్ల ఎత్తును సరిచేసుకోవచ్చు. పిడి మణికట్టు ఎత్తున ఉండి, మోచేయి 20–30 డిగ్రీలు వంగాలి. ముంజేతి పట్టీని ఊడదీసే వీలుంటే, కోలుకున్న రోగికి అదే చేతికర్ర అవుతుంది. అయితే చేతికర్ర మోసే భారం తక్కువ. కనుక కాలి బలాన్ని పరీక్షించాకే ఈ మార్పు చేయాలని గుర్తుంచుకోండి.