ఒకే పేరు, వేరే గొంతు: ప్రాఫెట్-5 కథ

1979లో తయారైన ప్రాఫెట్-5 సింథసైజరునూ, 1981లో తయారైన ప్రాఫెట్-5నూ పక్కపక్కన పెడితే బయటికి పెద్ద తేడా ఏమీ కనబడదు. అదే నల్ల పలక, పక్కన అవే చెక్కలు, దాదాపు అవే నాబులు. కానీ నాబులన్నీ ఒకే స్థానంలో పెట్టి, రెండిటి మీదా ఒకే నాలుగు స్వరాలు కలిపి నొక్కి పట్టుకుంటే అవి ఒకేలా మోగవు. పాతది మెత్తగా, లోపల ఏదో కదులుతున్నట్టుగా ఉంటుందనీ, కొత్తది బిగువుగా, స్పష్టంగా ఉంటుందనీ వాయించేవాళ్ళు నలభయ్యేళ్ళుగా చెబుతున్నారు. పెద్ద మాయలాగా మాట్లాడుకునే ఈ తేడా ఎక్కడుందో వెతికితే, నాకు అది వేడి దగ్గర మొదలైన కథలా కనిపిస్తుంది.

1970లో వచ్చిన మినీమూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. నాలుగు స్వరాలు కలిసి పలకాలంటే నాలుగు పూర్తి సర్క్యూట్లు కావాలి. పైగా ఒక ధ్వనిని ఒకసారి కుదుర్చుకుని, తర్వాత అదే మళ్ళీ కావాలంటే నాబుల స్థానాలు కాగితం మీద రాసుకుని ఉండాలి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే చిన్న కంపెనీ నడుపుతున్న డేవ్ స్మిత్, జాన్ బోవెన్‌తో కలిసి 1978 జనవరిలో ఈ రెండు చిక్కులకీ ఒకేసారి జవాబు చూపించాడు. ప్రాఫెట్-5లో ఐదు గొంతులు. ఒక్కో గొంతుకీ రెండు ఆసిలేటర్లు, ఒక ఫిల్టరు. వీటన్నిటినీ అజమాయిషీ చెయ్యడానికి జెడ్-80 మైక్రోప్రాసెసరు. నలభై ధ్వనులు జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఏది కావాలన్నా బటను నొక్కితే చాలు.

అయితే ఆసిలేటర్ల సంగతి మైక్రోప్రాసెసర్ చేతిలో పూర్తిగా లేదు. అనలాగ్ ఆసిలేటర్‌కి ఓల్టేజి ఒక ఓల్టు పెరిగితే స్థాయి ఒక ఆక్టేవు పెరగాలి, అంటే కంపనాల సంఖ్య రెట్టింపు కావాలి. ఈ లెక్క చేసిపెట్టేది ట్రాన్సిస్టర్ సహజ గుణమే. ఆ గుణం ఉష్ణోగ్రతతో మారిపోతుంది. పెట్టె వేడెక్కితే శ్రుతి జారుతుంది. ప్రాఫెట్‌లో పది ఆసిలేటర్లు ఉన్నాయి కాబట్టి పదీ తలో దారిన జారతాయి. అందుకే దానికి ట్యూన్ అనే బటను పెట్టారు: నొక్కితే ప్రాసెసరు ఒక్కో ఆసిలేటర్నీ కొలిచి, ఎంత తప్పిందో అంత సర్దుతుంది. మళ్ళీ వేడి మారితే మళ్ళీ నొక్కాలి. అదే పెట్టెలో పది గొంతులు ఇరికించి చూస్తే వేడికి తట్టుకోలేకపోయింది. అలాంటివి కొన్ని మాత్రమే తయారయ్యాయి.

తొలి విడత వాయిద్యాలు దాదాపు చేతిపనిగా తయారయ్యాయి. కొద్దికాలానికే వచ్చిన రెండో విడతలో తయారీకీ మరమ్మతుకీ వీలుగా లోపలి అమరిక మార్చారు. ఈ రెండిటిలోనూ ఉన్నవి ఎస్‌ఎస్‌ఎం అనే కంపెనీ చిప్పులు. వాటిలో 2040 అనే ఫిల్టర్ చిప్పు డేవ్ రాస్సమ్ రూపకల్పన. అవి నమ్మకంగా పనిచెయ్యడం లేదని 1980లో మూడో విడతకి డగ్ కర్టిస్ చేసిన చిప్పులకి మారారు. కర్టిస్ 3340 ఆసిలేటర్ చిప్పులో ఉష్ణోగ్రత మార్పుని సరిదిద్దే ఏర్పాటు చిప్పులోనే ఉంది. దాంతో ఆసిలేటర్లు, ఫిల్టర్లు, స్వరం ఎలా పుట్టి ఎలా తగ్గాలో నిర్ణయించే ఎన్వలప్‌లు, అన్నీ మారాయి. పేరు మాత్రం మారలేదు.

తేడా అంతా ఫిల్టర్‌దే అని చాలామంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాగితం మీద రెండూ నాలుగు మెట్ల ఫిల్టర్లే, ఆక్టేవుకి 24 డెసిబెళ్ళు కోసేవే. కానీ గట్టి సంకేతం వచ్చినప్పుడు ఒక్కో మెట్టూ దాన్ని ఎలా వంచుతుందన్నది చిప్పు చిప్పుకీ వేరు. చెవికి అది అందుతుంది.

నాకు మాత్రం అసలు సంగతి మరోచోట ఉందనిపిస్తుంది. తంబురాలో సారణి, అనుసారణి రెండిటినీ ఒకే షడ్జానికి శ్రుతి చేస్తాం కదా. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా నాదం అలలు అలలుగా వస్తుంది. సెకనుకి 440 కంపనాలున్న ధ్వనీ, 441 ఉన్న ధ్వనీ కలిస్తే సెకనుకొకసారి ఊగుతాయి. పాత ప్రాఫెట్‌లో నాలుగు స్వరాలు పట్టుకుంటే ఎనిమిది ఆసిలేటర్లు ఇలా ఒకదానితో ఒకటి రాజీపడకుండా నడుస్తాయి. ఫిల్టర్లూ, ఎన్వలప్‌లూ కూడా గొంతుకొక తీరుగా ఉంటాయి. ఒక్క గొంతునే విడిగా వింటే తేడా పట్టుకోవడం కష్టం. తేడా గొంతులో కన్నా గొంతుల మధ్యే ఎక్కువగా ఉంది.

అలాగని మూడో విడత చేసినవాళ్ళు కళ తెలియక ప్రాణం తీసేశారని అనడం అన్యాయం. జనం ఎదురుగా కూర్చుని ఉండగా, దీపాల వేడికి శ్రుతి జారిపోతున్న వాయిద్యంతో వేదిక మీద నిలబడ్డవాడికి అది ప్రాణమూ కాదు, సొగసూ కాదు. వాడికి కావలసింది నిన్న పలికినట్టే ఇవాళా పలికే వాయిద్యం. లోపాన్ని భరించినవాళ్ళు వేరు, తర్వాత ఇంట్లో కూర్చుని దాన్ని ప్రేమించినవాళ్ళు వేరు. పాత వాయిద్యాల మీద మనం రాసుకునే మాటల్లో ఈ మొదటివాళ్ళు తరచు కనబడకుండా పోతారు.

సీక్వెన్షియల్ 1987లో మూతపడి పేరు యమాహా చేతికి పోయింది. 2015లో యమాహా ఆ పేరుని స్మిత్‌కి తిరిగిచ్చింది. 2020లో ఆయన ప్రాఫెట్-5 నాలుగో విడత తెచ్చాడు. అందులో రెండు రకాల ఫిల్టర్లూ ఉన్నాయి: కర్టిస్‌దీ, పాత 2040 తీరులో రాస్సమ్ మళ్ళీ చేసినదీ. ఒక మీట తిప్పితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు. దానితోపాటు వింటేజ్ అని ఒక నాబు. 4 దగ్గర పెడితే గొంతులన్నీ బుద్ధిగా ఉంటాయి. 1 వైపు తిప్పేకొద్దీ ఒక్కో గొంతూ తన దారి పడుతుంది. ఒకప్పుడు కష్టపడి తీసేసిన లోపాన్నే, ఇప్పుడు కొలతవేసి తిరిగి ఇస్తున్నారు.

దీన్ని కొందరు వేళాకోళం చేస్తారు. నాకది నిజాయితీగానే కనిపిస్తుంది. పాత ధ్వని ఏ చిప్పులోనో దాగిన మహిమ కాదనీ, అది ఇంత అని చెప్పగలిగిన తేడా అనీ ఆ నాబు ఒప్పుకుంటోంది. వేదిక మీద ఉన్నవాడు నాలుగు దగ్గర పెట్టుకోవచ్చు, ఇంట్లో వినేవాడు ఒకటి దగ్గర. 1978లో అలా ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. స్మిత్ 2022లో చనిపోయాడు. తను ఒకసారి సరిచేసిన పొరపాటుని, అడిగినవాళ్ళకి అడిగినంత తిరిగిచ్చే పనిముట్టు చేసి వెళ్ళాడు.