పన్నెండేళ్ల విద్వాంసుడు

ఒక విద్వాంసుడు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతిని కన్చెర్టో అంటారు. బీథోవెన్ వయొలిన్ కన్చెర్టో 1806 డిసెంబర్ 23న వియన్నాలో తొలిసారి వినిపించింది. చివరిదాకా రాత పూర్తికాక, వాయించిన క్లెమెంట్‌కు సాధనకు వ్యవధి చాలలేదంటారు. శ్రోతలకు అంతగా పట్టలేదు. 1827లో బీథోవెన్ కన్నుమూసే నాటికీ అది దాదాపు మూలనే ఉంది.

1844 మే 27న లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ కచేరీలో దాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. ఆర్కెస్ట్రాను నడిపింది మెండెల్సన్. వయొలిన్ వాయించిన యోవాకిమ్ వయసు 12! బాలకళాకారులను వేదిక ఎక్కించరాదన్న నియమాన్ని అతని కోసం సడలించారు. (నిబంధన సడలింపంటే ఎంత పనో మన సభ్యులకు చెప్పాలా?) డ్రమ్ము నాలుగు దెబ్బలతో కృతి మొదలయ్యాక సుమారు మూడు నిమిషాలు ఆ పిల్లవాడు తన వంతు కోసం నిలబడాలి. నిలబడ్డాడు, వాయించాడు. హాలంతా చప్పట్లు. మూలపడిన కృతికి ప్రాణం వచ్చింది.

1904లో, అదే లండన్‌లో, అదే కృతిని యోవాకిమ్ మళ్లీ వాయించారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు.