పరిచారకురాలు అంటే ఎవరు?

2013 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఎగ్గోని పుష్పలలితను నంద్యాల బిషప్పుగా అభిషేకించింది. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాల కలయికతో ఏర్పడిన ఆ సంఘంలో ఒక స్త్రీ బిషప్పు కావడం అదే మొదటిసారి. ఇంగ్లండు సంఘంలో తొలి మహిళా బిషప్పు లిబ్బీ లేన్ అభిషేకం 2015 జనవరిలో గానీ జరగలేదు. మిషనరీలను పంపిన దేశం కంటే 16 నెలల ముందే నంద్యాల ఆ పని చేసింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, 1947లో ఆ కలయికకు ఒప్పుకోకుండా పాత ఆంగ్లికన్ పద్ధతినే పట్టుకుని విడిగా ఉండిపోయిన విశ్వాసులు ఎక్కువగా ఉన్నది కూడా ఈ ప్రాంతంలోనే.

ఈ మధ్యలో బైబిలు ఏమైనా మారిందా? లేదు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని చెప్పే కొరింథీయుల పత్రిక, పురుషుడి మీద స్త్రీకి అధికారం లేదని చెప్పే తిమోతి పత్రిక అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. చర్చిలో పెరిగిన ప్రతి ఆడపిల్లకీ ఆ మాటలు కంఠతా వచ్చు. మారింది చదివే తీరు. అయితే ఆ తీరు ఎప్పుడు మారుతుంది, ఎవరి అవసరం కోసం మారుతుంది అన్నదే నా ప్రశ్న.

దీనికి జవాబు కోసం బిషప్పుల చరిత్ర కాకుండా బైబిలు స్త్రీల చరిత్ర చూడాలి. 19వ శతాబ్దంలో తెలుగు ప్రాంతాల్లో పనిచేసిన మిషన్లకు ఒక చిక్కు వచ్చింది. మగ పాదిరీలు ఇళ్ల లోపలి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లలేరు. అందుకని స్థానిక స్త్రీలకు చదువు చెప్పి పంపారు. వాళ్లలో వితంతువులూ, దళిత కుటుంబాల నుంచి వచ్చిన వాళ్లూ చాలామంది. ఇల్లిల్లూ తిరిగారు, అక్షరాలు నేర్పారు, పాటలు నేర్పారు, వాక్యం చదివి అర్థం చెప్పారు. ఇదంతా బోధించడం కాకపోతే మరేమిటి? కానీ అప్పుడు తిమోతి పత్రిక ఎవరికీ అడ్డు రాలేదు. ఆ పనికి 'బోధ' అని కాక 'సహాయం' అని పేరు పెట్టారు గనక. ఆమె ఏడాదిపాటు కూర్చోబెట్టి సిద్ధం చేసిన మనిషికి బాప్తిస్మం ఇవ్వడానికి మాత్రం అయ్యగారు రావాలి. ఆడవాళ్లకు చెప్పవచ్చు, మగవాళ్లకు కూడదు. వసారాలో చెప్పవచ్చు, ప్రసంగ వేదిక మీద కూడదు. ఈ సరిహద్దులు ఏ వచనంలోనూ లేవు. మనుషులు గీసినవి.

అవసరం తలుపు తెరుస్తుంది, తీరాక మూసేస్తుంది. 1944లో యుద్ధ సమయాన ప్రభు భోజనం ఇవ్వడానికి గురువులు దొరక్క, హాంకాంగ్ బిషప్పు ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్‌ను గురువుగా అభిషేకించాడు. ఆంగ్లికన్ చరిత్రలో ఆమే తొలి మహిళా గురువు. యుద్ధం ముగిశాక, 1946లో, పైనుంచి వచ్చిన ఒత్తిడికి ఆమె ఆ బాధ్యతలు వదులుకోవలసి వచ్చింది.

నేను చదివింది సాహిత్యం, వేదాంతం కాదు. అందుకే నా కన్ను మాటల మీద పడుతుంది. రోమీయుల పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే అనే స్త్రీ ఉంది. ఆమె గురించి పౌలు వాడిన గ్రీకు మాట డయకొనోస్. తన గురించి చెప్పుకునేటప్పుడూ అతను ఆ మాటే వాడాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు పౌలు దగ్గర దాన్ని 'మినిస్టర్' అనీ ఫీబే దగ్గర 'సర్వెంట్' అనీ అనువదించింది. మన వాడుకలో ఉన్న తెలుగు బైబిలు ఆ పక్షపాతం చూపలేదు. పౌలు పరిచారకుడు, ఫీబే పరిచారకురాలు. కానీ వినేవాళ్ల చెవి వేరే పని చేస్తుంది. పరిచారకుడు అంటే దైవసేవకుడు గుర్తొస్తాడు, పరిచారకురాలు అంటే పనిమనిషి గుర్తొస్తుంది. అనువాదకుడు చేయని తేడాను అలవాటు చేసింది.

అదే అధ్యాయంలో యూనీయ కూడా ఉంది. అపొస్తలుల్లో పేరుపొందిన వ్యక్తిగా పౌలు ఆమెను చెప్పాడని 4వ శతాబ్దపు క్రిసొస్తొమ్ అర్థం చేసుకున్నాడు, ఒక స్త్రీకి ఇంత ఘనతా అని మెచ్చుకున్నాడు. తర్వాతి పండితులు స్త్రీ అపొస్తలు ఎలా అవుతుందని ఆ పేరును మగపేరుగా చదివారు. పండితులు వాడే ప్రామాణిక గ్రీకు ప్రతి 1927 నుంచి అలాగే అచ్చయి, 1998లో గానీ సరిదిద్దుకోలేదు. తెలుగులో 'వీరు' అన్న మాట ఆడా మగా చెప్పదు. యూనీయ ఎవరో చెప్పవలసింది ప్రసంగించే మనిషే. ఆ మనిషి ఎప్పుడూ మగవాడే అయితే, ఆమె ఎప్పటికీ మగవాడిగానే వినిపిస్తుంది.

మౌనంగా ఉండమన్న పత్రికలోనే, 11వ అధ్యాయంలో, స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం మామూలు సంగతిగా కనిపిస్తుంది. తిమోతి పత్రికలో 'అధికారం' అని మనం చదివే గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క మాట మీద ఇన్ని శతాబ్దాల నిషేధం నిలబడింది! విశ్వాసం వదులుకోమని నేను అనడం లేదు. అన్ని వచనాలూ చదవమంటున్నాను.

పదవి వస్తే చాలదు. మన చర్చిల్లో పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. స్త్రీ పాస్టరయితే ఆమెను పిలవడానికి మిగిలింది ఆయన భార్య పేరే. భర్త ద్వారా వచ్చే గౌరవానికీ, అభిషేకం ద్వారా వచ్చే అధికారానికీ ఒకే పిలుపు! తెలుగునాట ఈ సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. వారం వారం కూడికల్లో వాక్యం వినే ఆ స్త్రీలు వాక్యానికి అర్థం చెప్పే చోటికి కూడా వచ్చినప్పుడే ఒక బిషప్పు అభిషేకం అందరి సంగతీ అవుతుంది.

రోమీయులకు రాసిన ఆ పత్రికను కెంక్రేయ నుంచి రోముకు మోసుకెళ్లింది ఫీబేయేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఉత్తరం తెచ్చిన మనిషే దాన్ని వివరించి, అనుమానాలు తీర్చడం ఆనాటి వాడుక అని కూడా అంటారు. అదే నిజమైతే, ఆ పత్రికకు తొలి వ్యాఖ్యాత ఒక పరిచారకురాలు.